కొత్తడవి మంచె కింద విస్తరి

బైనాక్యులర్స్ ఇంట్లోనే ఉన్నాయి. మనిషి లేడు.

శ్వేత వాటిని చీర కొంగులో చుట్టి స్టేషన్‌కు తెచ్చింది. ఎస్సై పద్మలత టేబుల్ మీద మెల్లగా పెట్టింది. గురువారం, ఉదయం పదింబావు.

"మా ఆయన సోమారం పొద్దుగాల పోయిండు మేడమ్. ఇంకా రాలే."

"పేరు?"

"ఐలేశ్. కొత్తడవి కాడ పిట్టలు చూపిస్తడు."

కొత్తడవి అంటే పద్మలతకు తెలుసు. మహదేవపూర్ నుంచి గోదావరి వైపు పోతుంటే రేగులపల్లి చెరువు వస్తుంది. చెరువు వెనక ఒకప్పుడు బోడిగుట్ట ఉండేది. అటవీశాఖ వాళ్లు, ఊరివాళ్లు కలిసి మొక్కలు పెట్టి, చుట్టూ కందకం తవ్వి కాపాడితే ఇన్నేళ్లకు అది అడవయింది. చెరువులో నీళ్లు, గట్టు మీద చెట్లు. ఇంకేం, ఎక్కడెక్కడి పిట్టలో వచ్చి వాలాయి. వాటి వెనకే కెమెరాలు మెడలో వేసుకుని మనుషులూ వచ్చారు. ఆ అడవికి వాచర్ ఐలేశ్. చెరువు ఒడ్డున తన చేతులతో ఒక మంచె కట్టాడు. వచ్చినవాళ్లను దాని మీద కూర్చోబెట్టి, ఏ పిట్ట ఏదో చెప్పేవాడు.

పద్మలతది డోర్నకల్. రైలు కూతల మధ్య పెరిగిన మనిషి. ఆమెకు తెల్లగా ఉన్నదల్లా కొంగ, నల్లగా ఉన్నదల్లా కాకి.

"పోయేటప్పుడు ఇవి మెడల ఏసుకున్నడా?"

"ఏసుకున్నడు. నేనే చాయ పెట్టిచ్చిన. నా కండ్లతోని చూసిన."

"మరి ఇంట్లకు ఎట్లొచ్చినయ్?"

"గదే తెల్వదు మేడమ్. నేను పత్తి ఏరపోయిన. పొద్దుమూకి వచ్చేసరికి గోడకు ఏలాడుతున్నయ్."

పక్కనే రాసుకుంటున్న హెడ్ కానిస్టేబుల్ సోమనర్సయ్య పెన్ను ఆపాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటివి ఎన్ని చూశాడో. వచ్చాడు, తగిలించాడు, వెళ్లిపోయాడు. ఆయన మొహంలో కేసు అప్పుడే క్లోజ్ అయిపోయింది.

"ఇంట్ల ఎవరెవరు ఉంటరు?"

"మా అత్తమ్మ, నేను, ఆయన. మా బావ పక్కింట్లనే ఉంటడు. ఈయన పట్నంల పని దొరికింది, పోతున్న అవ్వా అని చెప్పి పోయిండంట. అత్తమ్మ అంటది."

"నువ్వేమంటవ్?"

"నాకు చెప్పకుండ పోడు. చెరువుల బాతులు దిగినయంటే ఉరికొచ్చి చెప్పే మనిషి, పట్నం పోతే చెప్పడా?"

శ్వేత ఏడవలేదు. టేబుల్ అంచు పట్టుకుని నిలబడింది.

"ఉన్నడా, లేడా? గదొక్కటి చెప్పుండ్రి మేడమ్. ఉంటే ఎక్కడున్నా మంచిదే. లేకుంటే నేను ఏడవాలె గద. ఏడుద్దామంటే అత్తమ్మ ఏడవనిస్తలేదు. బతికున్నోనికి ఏడిస్తే అరిష్టమంటది."

పద్మలత సోమనర్సయ్య వైపు తిరిగింది. మిస్సింగ్ కేసు రిజిస్టర్ చేయమంది.

*

మధ్యాహ్నానికి రేగులపల్లి చేరారు.

ఐలేశ్ తల్లి నర్సమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. సన్నటి మనిషి. చెప్పాల్సింది కట్టె విరిచినట్టు చెప్పింది. సోమవారం పొద్దున కొడుకు తిరిగొచ్చాడు. దుర్బిన్ గోడకు తగిలించాడు. పట్నం పోతున్నానన్నాడు. పోయాడు.

"ఏం పని అన్నడు అవ్వా?"

"అడగలే బిడ్డా."

"బట్టలు తీస్కపోయిండా?"

"చూడలే."

"ఎవరితోని పోయిండు?"

"కెమెరాలోళ్లు శానమంది వస్తరు. ఎవరని చెప్పాలె?"

అడిగినదానికి జవాబు ఉంది. జవాబులో మనిషి లేడు. పద్మలత లేవబోతుంటే ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇంటికొచ్చినోళ్లు ఉత్తగ పోవద్దు."

లోపల్నుంచి సర్వపిండి తెచ్చింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, వేళ్లతో పొడిచిన చిల్లులు. అయితే రొట్టెలా చదునుగా లేదు. సొరకాయ బుర్ర పగలగొట్టిన ముక్కల్లా వంపు తిరిగి ఉంది. ఇదేంది ఇట్లుంది అని సోమనర్సయ్య నవ్వాడు.

"గంజుల, గుండ్రటి గిన్నెల, ఒత్తి చేసిన. అందరూ పెనం మీద చేస్తరు. పెనం మీదిది మా చిన్నోడు ముట్టడు. నిన్న చేసినదే, ఏం కాదు, తినుండ్రి."

పొద్దుట్నుంచి ఏమీ తినలేదు. పద్మలత రెండు ముక్కలు తినేసింది. కరకరలాడుతూ బాగుంది. ఇంకొకటి పెడితే అదీ తీసుకుంది.

ఐలేశ్ అన్న మొగిలి పొలం చెరువుకూ కొత్తడవికీ మధ్యలో ఉంది. వరి కోతకొచ్చింది. పద్మలత గట్టు మీద నడుస్తూ పోయింది. అన్ని మడుల చుట్టూ పాతచీరలు కట్టారు. కర్రలకు ఖాళీ సీసాలు వేలాడదీస్తే గాలికి ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. అడవిపందుల కోసం ఈ తంతు అంతా. మొగిలి మడి చుట్టూ మాత్రం ఏమీ లేదు. పంట సగం పందులు దొర్లి పాడుచేశాయి. దెబ్బ కొత్తది. విరిగిన కాడలు ఇంకా పచ్చిగానే నేలకు అంటుకుని ఉన్నాయి.

"ఇదేంది మొగిలన్నా, కాపలా లేదా?"

"తమ్ముడు పోయినకాంచి చిత్తం లేదు మేడమ్."

కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రలేని మనిషి. న్యాయమే అనుకుంది పద్మలత.

ఇక హన్మంత్. మాజీ సర్పంచ్. నీళ్లు తగ్గితే తేలే చెరువు శిఖం భూమి మీద ఆయన కన్ను పడి రెండేళ్లయింది. ఒడ్డు పూడ్చి మడులు చేద్దామని ట్రాక్టర్లు తోలితే, ఐలేశ్ కలెక్టరాఫీసుకు అర్జీ పెట్టి ఆపించాడు. నడిబజార్లో ఇద్దరూ కొట్టుకునేదాకా పోయారని ఊరంతా చెప్పింది. చెప్పేటప్పుడు అందరూ గొంతు తగ్గించారు కానీ ఒక్కరూ చెప్పడం మానలేదు.

హన్మంత్ దాచలేదు. కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"కోపం ఉండె. ఇప్పటికీ ఉంది. పిట్టలకు చెరువు రాసిచ్చేటోడు వాడెవడు?"

"సోమవారం పొద్దున ఎక్కడున్నరు?"

"భూపాలపల్లి దవాఖానల. మా కమలకు కన్ను ఆపరేషన్. ఆదివారం పోయినం, మంగళారం వచ్చినం. కెమెరాలున్నయి, చూసుకోండ్రి."

చూసుకున్నారు. సీసీ ఫుటేజ్‌లో భార్య చెయ్యి పట్టుకుని వరండాలో నడిపిస్తున్నాడు. మాట కరుకు మనిషే, కానీ ఫుటేజ్ ఫుటేజే.

మిగిలింది కుమార్. విశాఖపట్నంలో పోర్టు ఇంజనీరు. సోమవారం ఆరింటికి ఐలేశ్‌ను మాట్లాడుకుని వచ్చినవాడు. ఆరుకు మంచె దగ్గర మనిషి లేడు, ఫోన్ స్విచాఫ్. అంతదూరం వచ్చి ఉత్త చేతులతో పోవడమెందుకని భూపాలపల్లి లాడ్జిలో దిగి, రోజూ ఒంటరిగా వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. శుక్రవారం రైలు. అంతకు ముందే పద్మలత లాడ్జికి వెళ్లింది.

"మా వైపు ఆవ చెరువులూ, మడ అడవులూ, కొండల మీద మళ్లీ పెంచిన అడవులూ అన్నీ తిరిగినవాణ్ణండి. ఇలాంటి గైడుని చూళ్లేదు. కూత విని కొమ్మ చెప్పేవాడు. ఏమైపోయాడంటారు?"

"మీరే చెప్పాలె. ఫొటోలు చూపించండి."

లాప్‌టాప్‌లో వందల ఫొటోలు. నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, తామరాకుల మీద నడిచే తామరకోడి. పద్మలత పిట్టలను చూడలేదు. వెనకాల మనిషి నీడ కోసం, బండి కోసం, టైరు గుర్తు కోసం వెతికింది. ఒకచోట మంచె కింద కాకులు విస్తరి చుట్టూ మూగి ఉన్నాయి.

"ఇది వదిలేయండి మేడం. ఎవరో పిక్నిక్ చేసుకుని పారేసుంటారు. కాకి రెక్క బాగా పడిందని తీశాను."

వదిలేసింది. తర్వాతి ఫొటోకు వెళ్లింది.

*

ఫోన్ కాల్స్ చిట్టా, సీడీఆర్, వచ్చింది. ఐలేశ్ ఫోన్ చివరి టవర్ లొకేషన్ రేగులపల్లే. సోమవారం తెల్లవారుజామున ఆగిపోయింది, మళ్లీ మోగలేదు. బ్యాంకు ఖాతా కదల్లేదు. బస్టాండు కెమెరాల్లో లేడు. చెరువులో గజ ఈతగాళ్లను దింపితే వలలు, సీసాలు, ఒక పాత సైకిల్ బయటపడ్డాయి.

రెండు వారాలు గడిచాయి. ఊరికి ఓపిక తక్కువ. ఎవరో కెమెరా మేడమ్‌తో లేచిపోయాడని ఒక కథ పుట్టింది. మొదట బోరింగు దగ్గర అన్నారు, తర్వాత శ్వేత వింటుండగానే అన్నారు. పత్తి చేనులో తోటి కూలీలు జాలిపడటం మొదలుపెట్టారు. ఆ జాలి తిట్టుకంటే ఘోరం. కన్నతల్లి అక్కడే ఉండి కూడా కాదనలేదు.

శ్వేత ప్రతి సోమవారం స్టేషన్‌కు వచ్చి బెంచీ మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. పద్మలత తల ఊపితే లేచి వెళ్లిపోయేది. నుదుట బొట్టు పెద్దదిగా పెట్టుకునేది, ఊరికి సమాధానం చెప్తున్నట్టు. దాన్ని చూసినప్పుడల్లా పద్మలతకు తన మీద తనకే కోపం వచ్చేది.

ఒక ఉదయం సోమనర్సయ్య గుండుతో డ్యూటీకి వచ్చాడు. లీవులో ఉండగా తల్లి పోయింది. పద్మలత పరామర్శించింది. ఎనభై ఏళ్లు బతికింది లెండి మేడమ్ అంటూనే ఆయన గుండు తడుముకున్నాడు.

"సచ్చిపోయినందుకు గాదు మేడమ్. మూడోనాడు పిట్ట ముట్టలే. అవ్వకు ఇష్టమని బోటి వండినం, కల్లు పెట్టినం. కాకులొచ్చి చుట్టూ తిరుగుతయి గని విస్తరి ముట్టయి. పొద్దెక్కేదాక కూసున్నం. ఆఖరికి చెల్లెను నేను చూసుకుంట అవ్వా అని మొక్కితే, అప్పుడొచ్చి ఒకటి తన్నుకపోయింది."

పద్మలత చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది.

"మళ్ల చెప్పుండ్రి."

"ఏం మేడమ్?"

"విస్తరి. దాని మీద ఏమేం పెట్టిండ్రు?"

ఆయన చెప్పడం పూర్తికాకముందే ఆమె కుమార్‌కు ఫోన్ చేసింది. కాకుల ఫొటో కావాలి. అవును, పారేసిన విస్తరిదే. పెద్ద సైజులో.

పావుగంటలో వచ్చింది. తేదీ బుధవారం. టైం ఉదయం తొమ్మిదీ యాభై.

మోదుగాకు విస్తరి. అన్నం. వంకాయలో ఎండురొయ్యలు. స్టీలు గ్లాసులో కల్లు. పక్కన ఒక కాకి ముక్కున కరచుకున్న ముక్క. పద్మలత దాన్ని పెద్దది చేసి చూసింది. బియ్యప్పిండి ముక్క, వేలితో పొడిచిన చిల్లు. సొరకాయ బుర్రలా వంపు.

నోట్లో ఆ నువ్వుల రుచి ఇంకా ఉన్నట్టే అనిపించింది. లేచి వాష్ బేసిన్ దగ్గరికి వెళ్లి నోరు పుక్కిలించింది.

*

ఆదివారం పొద్దున అందరినీ మంచె దగ్గరికి రమ్మంది.

చెరువు మీద మంచు విడుతోంది. బాతులు నీళ్లలో తలలు ముంచి తేలుతున్నాయి. హన్మంత్ తెల్లబట్టల్లో వచ్చి, నన్నెందుకు పిలిచారో అన్న మొహం పెట్టాడు. మొగిలి దూరంగా నిలబడ్డాడు. నర్సమ్మ మంచె కాలికి ఆనుకుని కూర్చుంది. శ్వేత మెడలో బైనాక్యులర్స్ ఉన్నాయి. కుమార్ విశాఖ నుంచి లాప్‌టాప్ పట్టుకుని వచ్చాడు. కొత్తడవి అంచున సోమనర్సయ్య, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉన్నారు.

పద్మలత ఫొటో తెరిచి పెట్టింది.

"కుమార్ గారు, ఇది పిక్నిక్ అన్నరు. మీ దిక్కు పిండాలు పెడతరు. మా దిక్కు మనిషి సచ్చిపోతే, మూడోనాడు ఆ మనిషికి ఏది ఇష్టమో అది వండి విస్తరిల పెడతం. పిట్ట వచ్చి ముట్టాలె. ముడితే పోయినోళ్ల మనసు కుదుటపడ్డట్టు."

కుమార్ తెర వంక చూసి కళ్లద్దాలు తీసేశాడు.

"సర్పంచ్ సాబ్, ఆ వారం ఈ ఊర్ల ఎవరన్న పోయిండ్రా?"

"లేదు. పోతే నాకు తెల్వదా?"

"చుట్టుపక్కల ఊర్లల్ల కూడ లేదు, అడిగిన. నాకు మిస్సింగ్ కంప్లయింట్ గురువారం వచ్చింది. ఈ ఫొటో బుధవారంది. అప్పటికి ఐలేశ్ పట్నం పోయిండనే అందరి మాట. మరి ఈ మంచె కింద ఎవరికి పెట్టిండ్రు?"

శ్వేత చెయ్యి బైనాక్యులర్స్ తాడును పట్టుకుంది.

హన్మంత్ ముందుకు వంగి తెరను చూశాడు. ఆయన గొంతులో బింకం పోయింది.

"కోడి లేదు. కోడి లేకుంట పిట్టకు పెట్టేటోళ్లు మా దిక్కు ఎవరూ లేరు."

"రెక్కలున్నదేదీ ఐలేశ్ తినడు. ఎందుకు శ్వేతా?"

"పిట్టల పని పట్టినకాంచి మానేసిండు." ఆమె గొంతు ఎక్కడో దూరం నుంచి వచ్చింది. "గుడ్డు గూడ."

"అంటే పెట్టినోళ్లకు ఐలేశ్ బాగ తెలుసు. ఇంకోటి చూడుండ్రి, కాకి నోట్ల సర్వపిండి. పెనం మీదిది గాదు, గంజులది. గసొంటిది ఈ ఊర్ల ఒక్క ఇంట్లనే చేస్తరు." పద్మలత ముసలమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "నాకు గూడ పెట్టినవ్ అవ్వా. నిన్న చేసిన అన్నవ్. నిన్న అంటే బుధవారం."

నర్సమ్మ ముడుచుకుంది.

మొగిలి గబగబా వచ్చాడు.

"నేను పెట్టిన మేడమ్. అవ్వకేం తెల్వదు. నేనే పెట్టిన."

"సరే మొగిలన్నా. ఒకటి చెప్పు. ఊరంతా పందులకు చీరలు, సీసాలు కట్టుకుంటె నీ మడికి ఎందుకు కట్టలే?"

మొగిలి తన మడి దిక్కు చూశాడు.

"కట్టే అవసరం లేకుండె. నీ మడికి కరెంటు తీగ ఉండె, స్తంభం మీద నుంచి కొండి తగిలించి. అందుకే తమ్ముడు పోయేదాక ఒక్క పంది రాలే, పోయినకాంచి మడి నాశనమైంది. చిత్తం లేక గాదు. తీగ తీసేసినవ్. మళ్ల పెట్ట చేతగాలే."

తీగ పెట్టడం నేరమని ఊళ్లో అందరికీ తెలుసు. అయినా పెడతారు. పెట్టినవాళ్లు ముందురోజు పొద్దుగూకేముందు పక్క మడులవాళ్లకు ఒక మాట చెప్తారు, రేపు మా దిక్కు రాకుండ్రని. నోటిమాటే కానీ దాని మీద ప్రాణాలు నిలబడతాయి. మొగిలి ఆ మాట చెప్పలేదు. చెప్తే తమ్ముడి చెవిన పడుతుంది. తమ్ముడికి ఆ పని గిట్టదు. నిరుడు ఒక దుప్పి చచ్చిపడితే గొడవై, ఇక పెట్టనని మొగిలి తల్లి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు.

ఐలేశ్ ఆ ఒట్టును నమ్మాడు. అందుకే ఆ రోజు చెరువు కట్ట చుట్టూ తిరిగిపోకుండా, విశాఖ సారు కంటే ముందు మంచె చేరాలని అన్న మడికి అడ్డంపడి నడిచాడు.

మొగిలి నేల మీద కూలబడ్డాడు.

"పందనుకున్న మేడమ్. తీగ తీద్దామని పోయిన. దూరం నుంచి చూసి పంది పడ్డదనుకున్న." చేతులు చూసుకున్నాడు. "సంబురపడ్డ మేడమ్."

మిగతాది నర్సమ్మ చెప్పింది, ఎవరి మొహమూ చూడకుండా. శ్వేత పత్తికి పోయాక పెద్దకొడుకు ఉరికొచ్చి కాళ్ల మీద పడ్డాడు. ఆమె మడికాడికి పోయింది. చిన్నోడి మొహం చెరువు నీళ్లతో కడిగింది. పెద్దోడు అదే తీగ పట్టుకుంటానని ఎగబడితే చెంప మీద కొట్టింది. కందకం పక్కన మట్టి మెత్తగా ఉంది. ఇద్దరే తవ్వారు. ఫోన్ కూడా లోపలే పెట్టారు. దుర్బిన్ మాత్రం ఆమె తీసుకొచ్చింది.

"మట్టిల పెట్ట మనసు రాలే బిడ్డా. ఆడు పండుకున్నా దాన్ని పక్కల పెట్టుకునేటోడు."

"నాకెందుకు చెప్పలే అవ్వా?"

"ఇద్దరే కొడుకులు. ఒకడు మట్టిల పడ్డడు. చెప్తే ఇంకోన్ని మీరు తీస్కపోతరు."

"మరి శ్వేత?"

నర్సమ్మ అప్పుడు కోడలి వైపు చూసింది. చూసి తల దించుకుంది. మూడోనాడు మాత్రం ఆగలేకపోయింది. కన్నకొడుకు పిట్ట ముట్టకుండా తిరుగుతాడేమోనని, శ్వేత పత్తికి పోగానే వండి తెచ్చి, వాడు కూర్చునే మంచె కిందే పెట్టింది. ముట్టేదాకా చూసి వెళ్లింది. దూరంగా తుప్పల్లో ఒక కెమెరా ఉందని ఆమెకు తెలియదు.

శ్వేత అత్త ముందుకు వచ్చి నిలబడింది.

"నేనూ తిన్న."

ఎవరికీ అర్థం కాలేదు.

"బుధవారం ఇంటికొస్తే సర్వపిండి పెట్టినవ్. ఆయనకు చేసిన, వస్తే తింటడు, నువ్వు తిను అన్నవ్. ఆయన పిట్టకు పెట్టంగ మిగిలింది నాకు పెట్టినవ్. నేను ఆయన వస్తడని మల్ల రెండు ముక్కలు దాచిపెట్టిన."

అప్పుడు ఏడ్చింది. ఇన్ని రోజులు ఏడవనివ్వని ఏడుపు అంతా ఒక్కసారి వచ్చింది. చెరువులో బాతులన్నీ లేచి ఒక చుట్టు తిరిగాయి. పద్మలత ఆమెను పట్టుకుంది. పోలీసుగా ఏం చేయాలో తెలుసు, మనిషిగా ఏం చేయాలో తెలియక అలా పట్టుకునే ఉంది.

*

తహసీల్దార్ సమక్షంలో కందకం పక్కన తవ్వారు. పంచనామా, పోస్టుమార్టం. మొగిలి మీద కేసు రాశారు, రిమాండ్ అయింది. ఆధారాలు దాచినందుకు ముసలమ్మ పేరు కూడా రాయక తప్పలేదు. పద్మలత ఆ లైను రెండుసార్లు కొట్టేసి మూడోసారి రాసింది. వయసు చూసి నర్సమ్మకు బెయిలిచ్చారు.

ఐలేశ్‌ను ఊరి పద్ధతిలో మళ్లీ మట్టి చేశారు. మూడోనాడు మంచె కింద విస్తరి వేశారు. పద్మలత యూనిఫాం లేకుండా వచ్చి వెనక నిలబడింది.

వంటంతా శ్వేతే చేసింది. గంజు ముట్టుకోలేదు. సర్వపిండి పెనం మీదే చేసింది. అత్తను దగ్గరికి రావద్దంది. నర్సమ్మ చెరువు కట్ట మీద దూరంగా, ఒళ్లో చిన్న మూటతో కూర్చుంది.

కాకులు వచ్చాయి. మంచె మీద వాలాయి. కిందికి దిగలేదు.

పొద్దెక్కింది. పెద్దమనుషులు ఒక్కొక్కరే ముందుకొచ్చి ఐలేశ్‌కు మాటిచ్చారు. శ్వేతను చూసుకుంటామన్నారు. కొత్తడవిని కాపాడతామన్నారు. హన్మంత్ కూడా లేచాడు. గొంతు సవరించుకుని, నీ చెరువు జోలికి పోనురా ఐలేశా అన్నాడు. అంతమంది ముందు అన్నాడు కాబట్టి ఇక మాట తప్పే వీల్లేదు. అయినా కాకి కదల్లేదు.

శ్వేత విస్తరిని చూసింది. తర్వాత లేచి కట్ట మీదికి నడిచింది. అత్త ముందు చెయ్యి చాపింది. నర్సమ్మ మూట విప్పింది. వంపు తిరిగిన సర్వపిండి. శ్వేత దాన్ని తెచ్చి విస్తరిలో, తను చేసినదాని పక్కన పెట్టింది.

వెనక్కి తిరిగేలోపే కాకి దిగింది. గంజుది కరచుకుని కొత్తడవి మీదికి ఎగిరిపోయింది. ఇంకొకటి దిగి గంజుదాంట్లో మిగిలిన ముక్క తీసుకుంది.

ముట్టింది, ముట్టింది అన్నారు జనం. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కట్ట మీద నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

శ్వేత పద్మలత పక్కకు వచ్చి నిలబడింది.

"తల్లిని మాఫ్ చేసిండు మేడమ్. అన్నను గూడ చేసే ఉంటడు. ఆయన మనసు గసొంటిది."

"నువ్వు?"

"నాకు చేతగాదు."

జనం పల్చబడ్డాక ఆమె మళ్లీ విస్తరి దగ్గరికి వెళ్లింది. పెనం మీద చేసిన సర్వపిండి అలాగే ఉంది, ఒక్క పిట్టా ముట్టలేదు. దాన్ని తీసి కొంగులో కట్టుకుంది. బైనాక్యులర్స్ మెడలో సర్దుకుని, అత్త కూర్చున్న కట్ట మీదుగా కాకుండా, మడి గట్టు వెంబడి ఒక్కతే ఇంటికి నడిచింది.